అనుమానించడం కూడా నేర్చుకోవాలి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. కాని ఎనిమిదేళ్లుగా మనసులో ఒక తప్పు ఉండిపోయింది. ఒకటి కాదు, రెండు తప్పులు. అవి చెప్పుకొని, వాటి వల్ల నేను తెలుసుకున్నది నాలుగు మాటల్లో వివరిస్తే మీకు కవిత కంటే ఎక్కువ ఉపయోగమనిపించింది.

2017 ఆగస్టులో తెలంగాణ అంతటా మీజిల్స్-రూబెల్లా టీకాల కార్యక్రమం జరిగింది. తొమ్మిది నెలల పిల్లల నుంచి పదిహేనేళ్ల లోపు వాళ్లందరికీ బడిలోనే సూది వేశారు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. బడిలో ఒక కాగితం ఇచ్చి, ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మన్నారు. మా ఊరు నల్లగొండ జిల్లాలో. ఒక సంతకం కోసం ఎవరు వెళ్తారు? మా నాయన పేరు నేనే రాసేశాను. ఇది మొదటి తప్పు.

ఆ రాత్రి స్టడీ అవర్‌లో ఒక సీనియర్ ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చూపించాడు. ఈ సూది వేసుకుంటే పెద్దయ్యాక పిల్లలు పుట్టరట. పాతబస్తీలో ఆ వారమంతా అదే మాట. మరునాడు సూది వేసే సమయానికి నేను, ఇంకో ఇద్దరం నీళ్ల ట్యాంకు వెనక దాక్కున్నాం. ఇది రెండో తప్పు.

సాయంత్రం వార్డెన్ సారుకు తెలిసింది. కొడతారనుకున్నాం, కొట్టలేదు. ''ఎవలు చెప్పిండ్రురా?'' అన్నారు. ''ఫోన్ల వచ్చింది సార్'' అన్నాం. ''ఫోన్లకు ఎవలు పంపిండ్రు?'' అన్నారు. మా దగ్గర జవాబు లేదు. రెండు వారాల తర్వాత మిగిలిపోయిన పిల్లలకు వేసినప్పుడు వెళ్లి వేయించుకున్నాను. చెయ్యి ఒకరోజు నొప్పి పెట్టింది, అంతే.

అనుమానపడటమే నా తప్పని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతుంటే ఆలోచన మారింది. అనుమానం తప్పు కాదు. అనుమానించాల్సిన కాగితాన్ని అనుమానించలేదు, అనుమానించాల్సిన మెసేజ్‌ను నమ్మేశాను. అందరూ అనుమానిస్తారు, కాని ఎలా అనుమానించాలో మనకెవరూ నేర్పరు. దాని గురించే ఈ వ్యాసం.

2010: నాలుగు నెలల్లో మూడు అనుమానాలు

అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో చదువుకుంటున్నప్పుడు ఒక విచిత్రం గమనించాను. 2010లో మొదటి నాలుగు నెలల్లోనే మన దేశంలో మూడు పెద్ద అనుమానాలు గెలిచాయి. జనవరిలో వాతావరణ శాస్త్రం మీద, ఫిబ్రవరిలో కొత్త టెక్నాలజీ మీద, ఏప్రిల్‌లో ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం మీద. రెండింటికి మన రాష్ట్రంతో సూటిగా సంబంధం ఉంది. మూడోది నేరుగా హాస్టల్ పిల్లల కథ. ఒక్కొక్కటీ చూద్దాం.

జనవరి: కరిగిపోతాయన్న మంచు

వాతావరణ మార్పుల మీద ప్రపంచ దేశాల శాస్త్రవేత్తలు కలిసి నివేదికలు రాసే సంస్థ ఐపీసీసీ. అది 2007లో ఇచ్చిన నాలుగో నివేదికలో, హిమాలయాల్లోని హిమానీ నదాలు 2035 కల్లా మాయమయ్యే అవకాశం చాలా ఎక్కువని ఒకచోట రాశారు. గంగ, బ్రహ్మపుత్ర నీళ్ల మీద బతికే కోట్లమందికి ఇది చావు కబురు లాంటిది.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసి రిటైరైన వి.కె. రైనా జీవితమంతా ఆ మంచు మీద నడిచిన మనిషి. ఆయన 2009లో ఒక పత్రం రాశారు. హిమానీ నదాలు తరుగుతున్న మాట నిజమే కాని, అంత వేగంగా మాయమవుతాయనడానికి ఆధారం లేదన్నారు. అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికైన జైరాం రమేశ్ దాన్ని విడుదల చేశారు. ఐపీసీసీ అధ్యక్షుడు ఆర్.కె. పచౌరీ కోపంతో దాన్ని మంత్రతంత్రాల శాస్త్రం అని కొట్టిపారేశారు.

తీరా ఆరా తీస్తే 2035 అనే అంకె ఏ పరిశోధన నుంచీ రాలేదు. 1999లో ఒక పత్రికలో వచ్చిన ఇంటర్వ్యూ నుంచి ఒక పర్యావరణ సంస్థ నివేదికలోకి, అక్కడి నుంచి ఐపీసీసీలోకి వచ్చింది. ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేదు. మా హాస్టల్‌కు వచ్చిన మెసేజ్ లాగే! 2010 జనవరి 20న ఐపీసీసీ తన పొరపాటును బహిరంగంగా ఒప్పుకుంది.

కొందరు ఇక్కడితో ఆగి, ''చూశారా, వాతావరణ మార్పు అంతా అబద్ధమే'' అంటారు. అక్కడే అసలు సంగతి ఉంది. రైనా అనుమానించింది ఒక అంకెను. ఆ అంకె పోయింది, మంచు కరగడం పోలేదు. హిమాలయ దేశాల పరిశోధన కేంద్రం ఇసిమోడ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతకుముందు పదేళ్లతో పోలిస్తే 2011-2020 మధ్య ఆ హిమానీ నదాలు 65 శాతం ఎక్కువ వేగంగా కరిగాయి. గోడలో ఒక ఇటుక పగిలిందని చూపించడం వేరు, గోడే లేదనడం వేరు. బొగ్గుపులుసు వాయువు వేడిని పట్టి ఉంచుతుందని టిండాల్ అనే శాస్త్రవేత్త 1859లోనే ప్రయోగశాలలో చూశాడు. 1958లో హవాయి కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్లలో 315 పాళ్లు ఉంది. ఇప్పుడు 420 దాటింది. ఇవి ఒక ఇంటర్వ్యూ మీద నిలబడ్డ మాటలు కావు.

ఫిబ్రవరి: వంకాయ మీద విచారణ

వంకాయ తోటల్లో కొమ్మను, కాయను తొలిచే పురుగు ఒకటుంటుంది. దానికి రైతులు మళ్లీ మళ్లీ మందు కొడతారు. ఆ పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకునేలా, మట్టిలో ఉండే ఒక బాక్టీరియా నుంచి జన్యువు తీసి వంగ మొక్కలో పెట్టారు. అదే బీటీ వంకాయ. మహికో కంపెనీది. 2009 అక్టోబరులో కేంద్రంలోని నిపుణుల సంఘం దానికి సరే అంది. అభ్యంతరాలు రావడంతో జైరాం రమేశ్ దేశంలో ఏడు నగరాల్లో బహిరంగ సమావేశాలు పెట్టారు. అందులో ఒకటి 2010 జనవరి చివర్లో మన హైదరాబాద్‌లో జరిగింది. రైతులు, శాస్త్రవేత్తలు, కంపెనీవాళ్లు, వినియోగదారులు ఒకే హాల్లో అరుచుకున్నారు. ఫిబ్రవరి 9న మంత్రి దాన్ని నిలిపివేశారు. స్వతంత్రంగా, ఎక్కువకాలం చేసిన పరీక్షలు కావాలన్నారు. వంకాయ పుట్టిల్లు మన దేశమే, వేల రకాలున్నాయి, తొందరపడాల్సిన అవసరమేమీ లేదన్నారు.

ఆ నిర్ణయం సరైనదా? 2014లో బంగ్లాదేశ్ అదే వంకాయను తన రైతులకు ఇచ్చింది. అక్కడ తినేవాళ్లకు జబ్బులు వచ్చిన దాఖలా లేదు, మందు కొట్టడం తగ్గిందని అధ్యయనాలు వచ్చాయి. అంటే తింటే ఏమవుతుందోనన్న భయానికి ఆధారం దొరకలేదు. అంతమాత్రాన అనుమానించినవాళ్లంతా తెలివితక్కువవాళ్లా? కాదు. పత్తి సంగతి చూడండి.

బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. నేను పుట్టింది కూడా దాదాపు అప్పుడే. మా అమ్మ ప్రతి ఏడూ కూలికి పత్తి ఏరుతుంది కాబట్టి ఇది మాకు ఇంటి విషయం. విత్తనం మొదట్లో బాగానే పనిచేసింది. కాని 450 గ్రాముల ప్యాకెట్ 1,850 రూపాయల దగ్గర అమ్మారు. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీ మీద కేసు వేసి పోరాడితే అది 750కి దిగింది. ఇక గులాబీ రంగు పురుగు ఆ విషానికి అలవాటు పడింది. మొదటి రకం బీటీకి లొంగడం లేదని గుజరాత్‌లో 2010లో బయటపడింది. తర్వాత రెండో రకం కూడా దాని ముందు నిలవలేదు. మా ఊళ్లో ఇప్పుడు మళ్లీ మందు డబ్బాలు భుజానికెత్తుకుంటున్నారు.

జనం ఎక్కువగా అనుమానించింది ''ఆ పత్తి ముట్టుకుంటే ఏమవుతుందో'' అని. నిజంగా దెబ్బతీసినవి వేరు: విత్తనం ధర, పురుగు తెలివి. టెక్నాలజీని అనుమానించాల్సిందే, కాని ఏ ప్రమాదాన్ని అనుమానిస్తున్నామో విడదీసి చూడాలి. తింటే ప్రమాదమా? పొలానికి ప్రమాదమా? జేబుకు ప్రమాదమా? ఒకదానికి జవాబు దొరికితే మిగతావాటికి దొరికినట్టు కాదు.

ఏప్రిల్: భద్రాచలం హాస్టల్ పిల్లలు

ఇది మనం బాగా గుర్తుపెట్టుకోవలసిన కథ.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో ఏటా సుమారు 1,20,000 మంది ఆడవాళ్లకు వస్తోంది. డెబ్బై వేలకు పైగా చనిపోతున్నారు. ఎక్కువమంది పేదవాళ్లే. పరీక్ష చేయించుకోరు, నొప్పిని దాచుకుంటారు, ముదిరాక ఆస్పత్రికి వస్తారు. ఈ క్యాన్సర్ దాదాపు అన్నిసార్లూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. చిన్న వయసులోనే టీకా వేస్తే ఆ వైరస్‌ను ఆపవచ్చు.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఈ టీకా వేయడం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు ఇది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఇక్కడ సుమారు 14,000 మందికి, గుజరాత్‌లోని వడోదర దగ్గర సుమారు 10,000 మందికి వేశారు. ఇక్కడి పిల్లల్లో చాలామంది గిరిజన, దళిత కుటుంబాలవాళ్లు, ఆశ్రమ పాఠశాలల్లో హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు.

2010 మార్చిలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్లి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. ఇది పరిశోధన అని చాలామందికి తెలియదు. మామూలు ప్రభుత్వ టీకా అనుకున్నారు. అదే సమయంలో టీకా వేసుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది.

2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో చాలా కఠినంగా రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లో, ప్రధానోపాధ్యాయులో సంతకాలు పెట్టారు.

తమ్ముళ్లూ, ఈ రెండో అంకెను మళ్లీ చదవండి. దాదాపు పది ఫారాల్లో మూడింటి మీద తల్లి లేదు, తండ్రి లేడు. సంతకం హాస్టల్‌ది. మన బువ్వ, మన బట్ట, మన కాస్మెటిక్ ఛార్జీలు హాస్టల్ చూస్తుంది. కాని మన శరీరం మీద జరిగే పరిశోధనకు సరే అనే హక్కు మనల్ని కన్నవాళ్లది. ఆ అంకె చూసిన రోజే నాకు 2017లో నేను పెట్టిన దొంగ సంతకం గుర్తొచ్చింది. అది పరిశోధన కాదు, మంచి టీకానే. అయినా అక్కడ వార్డెన్లు చేసినదే ఇక్కడ నేను చేశాను.

వేలిముద్రల సంగతి కూడా చెప్పాలి. వేలిముద్ర వేసినవాళ్లకు ఏమీ తెలియదని కొందరు తేల్చేస్తారు. మా నాయన వేలిముద్రే వేస్తాడు. కాని ఎవరైనా చదివి వినిపించందే వేయడు. ''మల్లొక్కసారి సదువు'' అంటాడు. వేలిముద్ర సమస్య కాదు, చదివి వినిపించారా లేదా అన్నదే సమస్య.

ఆ మరణాలు టీకా వల్లేనా?

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. ఇక్కడ ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. విచారణలో తేలిన కారణాలు ఇవి: ఒకరు క్వారీ నీళ్లలో మునిగిపోయారు, ఒకరిని పాము కరిచింది, ఇద్దరు పురుగుమందు తాగారు, ఒకరు మలేరియా ముదిరి చనిపోయారు. మిగిలిన ఇద్దరి విషయం అంత స్పష్టంగా లేదు. ఒకరికి కారణం తెలియని జ్వరం, మరొకరికి మెదడులో రక్తస్రావం అయిందని అనుమానం. ఈ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చెప్పింది.

నేను చదివే స్టాటిస్టిక్స్ ఇక్కడ పనికొస్తుంది. లెక్క అర్థం కావడానికి ఒక అంకె అనుకుందాం. ఆ వయసు పిల్లల్లో ఏడాదికి మూడు వేలమందిలో ఒకరు ఏదో ఒక కారణంతో చనిపోతారనుకోండి. 24,000 మందిని తీసుకుంటే ఎనిమిది మంది. ఏ సూదీ వేయకపోయినా ఎనిమిది మంది. వాళ్లందరికీ ముందు నెల ఒక సూది వేశామనుకోండి, ఎనిమిది ఇళ్లల్లో ''సూది వేశాకే పోయింది బిడ్డ'' అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. 'తర్వాత' అన్నది నిజమే. 'వల్ల' అన్నది ఇంకా తేలాలి. దానికి సూది వేసుకోనివాళ్లలో ఎంతమంది చనిపోయారో కూడా లెక్క కావాలి.

అయితే ఆ లెక్క పెట్టాల్సింది ఎవరు? టీకా వేసిన తర్వాత పిల్లలకు ఏమవుతోందో గమనించి, రాసిపెట్టే సరైన ఏర్పాటు ఆ ప్రాజెక్టులో లేదని పార్లమెంటు సంఘం తప్పుపట్టింది. అందుకే జనం అనుమానాన్ని తీర్చగలిగే పుస్తకం ఎవరి దగ్గరా లేకుండా పోయింది. లెక్క రాయనివాళ్లు, మమ్మల్ని నమ్మండి అని అడగలేరు.

కథ ఇక్కడితో అయిపోలేదు. అప్పుడే దేశంలో ఇంకోచోట ఇదే టీకాను రెండు డోసులు వేయాలా, మూడు వేయాలా అని వేరే పరిశోధన జరుగుతోంది. 2010 ఏప్రిల్‌లో దాన్ని కూడా ఆపేశారు. దాంతో వేలమంది అమ్మాయిలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. శాస్త్రవేత్తలు వాళ్లను వదిలేయకుండా పదేళ్లు గమనించారు. 2021లో ఫలితం వచ్చింది: ఒక్క డోసు కూడా దాదాపు మూడు డోసులంత గట్టిగా ఆ వైరస్‌ను ఆపుతోంది. దీన్ని, ఇంకొన్ని దేశాల పరిశోధనలను చూసి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలని ఒప్పుకుంది. స్వీడన్‌లో పదిహేడేళ్లు రాకముందే టీకా వేసుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగా ఉందని 2020లో తేలింది.

అంటే భద్రాచలం విషయంలో రెండు మాటలూ నిజమే. టీకా మంచిది. దాన్ని వేసిన పద్ధతి చెడ్డది. ఈ రెండింటినీ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టం. అందుకే కొందరు పద్ధతి చెడ్డది కాబట్టి టీకా విషమంటారు. మరికొందరు టీకా మంచిది కాబట్టి పద్ధతి గురించి అడగొద్దంటారు. ఇద్దరి వల్లా నష్టపోయేది మనలాంటి ఇళ్ల ఆడపిల్లలే.

మన పాతబస్తీలో

ఇదంతా పుస్తకాల విషయం కాదు. మన గేటు బయటే ఉంది.

2020 అక్టోబరు 13 రాత్రి వాన మీకు గుర్తుండే ఉంటుంది. పల్లె చెరువు పొంగి అలీ నగర్ వైపు, తర్వాత నాలుగు రోజులకు గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ వైపు నీళ్లు ఇళ్లను ముంచేశాయి. అప్పుడు టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి అన్నాడు: ''వాతావరణ మార్పంట! 1908ల మూసీ వచ్చినప్పుడు ఏ కార్లున్నయి, ఏ ఫ్యాక్టరీలున్నయి?'' ప్రశ్న మంచిదే. 1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని చెబుతారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారు.

జవాబు ఏమిటంటే, వాతావరణ మార్పు వరదను కొత్తగా కనిపెట్టలేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. కాబట్టి వాన పడ్డప్పుడు కుండపోతగా పడే అవకాశం పెరుగుతుంది. అగ్గిపెట్టె లేనికాలంలో కూడా గుడిసెలు కాలాయి. అంతమాత్రాన అగ్గిపెట్టెతో ప్రమాదం లేదనలేం.

ఇంకో వైపు నుంచి కూడా అనుమానించాలి. చెరువు కట్ట తెగినప్పుడు ఏ అధికారైనా ''అంతా వాతావరణ మార్పు వల్ల'' అంటే దాన్నీ ఊరికే ఒప్పుకోకూడదు. నాలా మీద కట్టడానికి అనుమతి ఎవరిచ్చారు, కట్టకు మరమ్మతు ఎప్పుడు చేశారు అని అడగాలి. 1908 తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఆకాశాన్ని తిట్టి ఊరుకోలేదు.

రెండో సంగతి రేషన్ కార్డులు. తెలంగాణలో 2016 నుంచి సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ఎవరికి కారుంది, ఎవరికి ఉద్యోగముంది అని రకరకాల రికార్డులను కంప్యూటర్ కలిపి చూసి అనర్హులని తేల్చింది. చాలామందికి ముందుగా నోటీసు లేదు, ఇంటికి వచ్చి చూసినవాళ్లు లేరు. పాతబస్తీకి చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకు వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ కార్డులన్నింటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని రాష్ట్రాన్ని ఆదేశించింది. మసూద్ కంప్యూటర్లే వద్దనలేదు. యంత్రం తప్పు చేస్తే సరిదిద్దే మనిషి ఎవరని అడిగారు. మంచి అనుమానం అలా ఉంటుంది.

మూడోది కొవాగ్జిన్. మన జీనోమ్ వ్యాలీలో తయారైంది. మూడో దశ పరీక్షల ఫలితాలు రాకముందే 2021 జనవరి 3న దానికి అనుమతిచ్చారు. అప్పుడు ''లెక్కలేవి?'' అని అడిగిన డాక్టర్లను కొందరు దేశద్రోహులన్నారు. వాళ్లు అడిగింది న్యాయమే. ఆ నవంబరులో సుమారు 25,800 మంది మీద చేసిన పరీక్ష ఫలితం ప్రచురితమైంది: 77.8 శాతం రక్షణ. జనవరిలో సరైన ప్రశ్న అదే. నవంబరు తర్వాత కూడా ఆ లెక్కలు చదవకుండా అదే ప్రశ్న అడిగితే అది మొండితనం. అనుమానానికి కూడా మందు సీసా మీద ఉన్నట్టు గడువు తేదీ ఉంటుంది.

నాలుగు ప్రశ్నలు

ఏదైనా వింటే ఇప్పుడు నేను ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. మీరూ నోట్‌బుక్ వెనక రాసుకోండి.

1. ఈ మాట మొదట ఎవరన్నారు? మా వార్డెన్ సారు అడిగిన ప్రశ్న ఇదే. పెద్ద శాస్త్రవేత్తలు కూడా దీన్ని మర్చిపోయి 2035 దగ్గర బోల్తాపడ్డారు.

2. నేను అనుమానిస్తున్నది దేన్ని? వస్తువునా, పద్ధతినా, మనుషులనా? సూది వేసే నర్సు కసిరిందని సూదిని వద్దనకూడదు. సూది మంచిదని నర్సు కసురును భరించనక్కర్లేదు.

3. ఏం చూపిస్తే నా అనుమానం తీరుతుంది? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోతే అది అనుమానం కాదు, పట్టుదల.

4. నా అనుమానం తప్పయితే నష్టం ఎవరికి? మీజిల్స్ సూది తప్పించుకొని నేను ట్యాంకు వెనక దాక్కున్నాను. నాకు ఏమీ కాలేదు. కాని మీజిల్స్ గాలిలో పాకే జబ్బు. 2022లో ముంబయిలోని గోవండి బస్తీల్లో అది వ్యాపించినప్పుడు చనిపోయింది పసిపిల్లలు. ఒకే గదిలో ముప్పై మంది పడుకునే మనకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

చివరగా మా ఇంటి మాట

మా చెల్లె కూడా బాలికల హాస్టల్లోనే ఉంటుంది, తొమ్మిదో తరగతి. పోయిన నెల నాయన ఫోన్ చేశాడు. ''బిడ్డా, ఆడపిల్లలకు ఏదో క్యాన్సర్ సూది అంటున్నరు. ఊళ్లె ఒకలు మంచిదంటున్నరు, ఒకలు గొడ్రాలైతరంటున్నరు. నువ్వు సదువుకున్నోనివి. ఏపియ్యాల్నా, వద్దా?''

మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసింది నేనే మొదట. ''ఏపియ్యి నాయనా'' అని ఒక్కమాట అంటే సరిపోయేది, నమ్మేవాడు. కాని అది కూడా వార్డెన్ సంతకం లాంటిదే అవుతుందనిపించింది. ఆదివారం ఊరికి పోయాను. భద్రాచలం సంగతి దాచకుండా మొత్తం చెప్పాను. ఏడుగురు పిల్లల సంగతీ చెప్పాను, స్వీడన్ లెక్కా చెప్పాను. అమ్మ మధ్యలో పని ఆపి వింది. మా మేనత్త ఆ జబ్బుతోనే పోయిందని నాకు ఆ రోజే తెలిసింది. ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తేవారు కాదు.

అంతా విన్నాక నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ''ఏపిద్దాం. గని కాయితం నా దగ్గరికే రావాలె. సదివి ఇనిపియ్యాలె. నా ఏలుముద్ర నేనే ఏస్త.''

చెల్లె హాస్టల్‌కు ఆ మాటే చెప్పి వచ్చాను. తమ్ముళ్లూ, మీ చేతికి కూడా రేపో ఎల్లుండో ఏదో ఒక కాగితం వస్తుంది. దాన్ని చూసి ట్యాంకు వెనక దాక్కోకండి. మీ నాయన సంతకం మీరు పెట్టకండి. ఫోన్ చేయండి, మొత్తం చదివి వినిపించండి. ఆయన అడిగిన ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే ఆ ప్రశ్నను బడికి తీసుకురండి. జవాబు చెప్పాల్సినవాళ్లు చెబుతారు. చెప్పకపోతే మళ్లీ అడగండి.